డీవీడీ ప్లేయరు పాడైందా, డిస్కు పాడైందా?

"ఏ కంపెనీ డీవీడీ ప్లేయరు మంచిది?" అని 2005-2010 మధ్య ఎవర్నడిగినా ఠక్కున సమాధానం వచ్చేది. చిక్కేంటంటే ఏ ఇద్దరి సమాధానమూ ఒకటి కాదు. ఒకాయన "జపాన్ కంపెనీదే కొనాలండీ, మిగతావన్నీ ఉత్త డబ్బాలు" అనేవాడు. పక్కింటాయన అదే కంపెనీది కొని ఏడాది తిరక్కుండా అటకెక్కించానని చెప్పేవాడు. మూడో ఆయన పేరూ ఊరూ లేని చైనా సరుకు కొన్నానని, ఏ డిస్కు పెట్టినా ఆడుతోందని మీసం తిప్పేవాడు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. తిరకాసంతా అక్కడే ఉంది.

ఇప్పుడెందుకయ్యా ఈ గోల, డీవీడీల కథ కంచికి వెళ్ళిపోయి చాన్నాళ్ళయింది కదా అంటారేమో. నిజమే. ఒప్పో డిజిటల్ కొత్త ప్లేయర్లు చెయ్యనని 2018లో చెప్పేసింది. శామ్‌సంగ్ 2019లో అమెరికాకి కొత్త బ్లూ-రే ప్లేయర్లు మానేసింది. డీవీడీల్ని పోస్టులో పంపుతూ మొదలైన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో ఆ పని ఆపేసింది. 2024 చివర్లో ఎల్‌జీ కూడా బ్లూ-రే ప్లేయర్లకి దణ్ణం పెట్టేసింది.

అయినా మాట్లాడుకోవాల్సిన కారణాలు రెండున్నాయి. ఒకటి, మనం ఇవాళ వాషింగ్ మెషీన్ కొన్నా, ఇయర్‌ఫోన్లు కొన్నా, వాడినవాళ్ళ అనుభవాలు చదివే కొంటున్నాం. వాటిని ఎలా చదవాలో, ఎలా చదవకూడదో చెప్పడానికి డీవీడీ ప్లేయరంత మంచి ఉదాహరణ నాకింకోటి కనబడదు. రెండోది అంతకన్నా ముఖ్యం. మన బీరువాల్లో పెళ్ళి డీవీడీలున్నాయి. దాని సంగతి చివర్లో చెప్తాను, అందాకా ఓపిక పట్టండి.

నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. డీవీడీ ప్లేయర్ల మీద జనం చెప్పిన ఫిర్యాదుల్లో చాలా భాగం నిజానికి ప్లేయరు మీద ఫిర్యాదులు కావు. కొన్ని డిస్కు మీదవి, కొన్ని కరెంటు మీదవి, కొన్ని లైసెన్సుల మీదవి. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, తిట్లన్నీ టీవీ కింద కూర్చున్న ఆ పెట్టె తిన్నది.

ముందు బొమ్మ సంగతి చూద్దాం. "ఫలానా ప్లేయర్లో బొమ్మ అంతా గళ్ళు గళ్ళుగా వస్తోంది" అనే ఫిర్యాదు మీరూ వినే ఉంటారు. కాసేపు లెక్కలు వేద్దాం. ఒక పొర ఉన్న డీవీడీలో పట్టేది 4.7 జీబీ. మన తెలుగు సినిమా రెండున్నర గంటలు, అంటే 9000 సెకన్లు. భాగిస్తే సెకనుకి సుమారు 4.2 మెగాబిట్లు వస్తుంది. ఎంపెగ్-2 కి అది ఫరవాలేదనిపించే లెక్క. డీవీడీ ప్రమాణం ప్రకారం వీడియోకి గరిష్ఠంగా 9.8 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చు.

ఇప్పుడు అదే డిస్కులో మూడు సినిమాలు కుక్కండి. ఒక్క టిక్కెట్టు మీద మూడాటలన్నట్టు అలాంటి డిస్కులు మన బజార్లలో కుప్పలు తెప్పలుగా అమ్ముడుపోయాయి. మూడు సినిమాలంటే ఏడున్నర గంటలు. సెకనుకి వచ్చేది సుమారు 1.4 మెగాబిట్లు. ఆ అంకె ఎక్కడో విన్నట్టుంది కదూ? వీసీడీలో వీడియో 1.15 మెగాబిట్లు, ఆడియో 224 కిలోబిట్లు. రెండూ కలిపితే ఇంచుమించు అదే! అంటే కవరు మీద డీవీడీ అని ఉన్నా, లోపలికి చేరిన సమాచారం వీసీడీ అంతే. పైగా వీసీడీలో బొమ్మ 352 బై 288 చుక్కలు, డీవీడీలో 720 బై 576. అదే పిండితో నాలుగింతల పెనం మీద దోసె పోస్తే చిల్లులు పడక ఏమవుతుంది? రెండు పొరల డిస్కయితే 8.5 జీబీ, సెకనుకి రెండున్నర మెగాబిట్లు. కాస్త నయం, అంతే. ఇందులో ప్లేయరు చేసిన పాపమేమీ లేదు. వచ్చిన బిట్లని వచ్చినట్టు విప్పి చూపించింది.

పాత గుండ్రటి టీవీలో ఈ గళ్ళు అంతగా కనబడేవి కావు. ఎల్‌సీడీ టీవీలు ఇళ్ళల్లోకి వచ్చాక, అదే ప్లేయర్ని అదే పసుప్పచ్చ వైరుతో తగిలించి "కొత్త టీవీ కొన్నాక ప్లేయరు పాడైపోయింది" అన్నవాళ్ళున్నారు. ప్లేయరు పాడవలేదండీ, అద్దం శుభ్రపడింది. మొహం మీద మచ్చలు ఇప్పుడు కనబడుతున్నాయి.

ఇహ రెండో రకం ఫిర్యాదు: "మా ప్లేయరు కొన్ని డిస్కులే ఆడుతుంది." ఇక్కడ కాస్త లోపలికెళ్ళాలి.

డీవీడీ ప్లేయరుకి ప్రాణమంతా పికప్‌లో ఉంటుంది. మన మెకానిక్కులు దాన్ని ముద్దుగా "లెన్సు" అనేస్తారు. "సార్, లెన్సు పోయింది" అనే మాట విననివాడు ఆ రోజుల్లో లేడు. నిజానికి ఆ చిన్న ముక్కలో లెన్సుతో పాటు లేజరు, దాన్ని పైకీ కిందకీ, పక్కలకీ కదిపే తీగచుట్టలు, తిరిగొచ్చిన వెలుగుని చదివే సెన్సరు అన్నీ ఉంటాయి. డీవీడీ చదవడానికి 650 నానోమీటర్ల ఎర్ర లేజరు కావాలి. సీడీ, వీసీడీలకి 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజరు. చాలా పికప్పుల్లో ఈ రెండూ వేర్వేరుగా ఉండేవి. అందుకే "వీసీడీలు ఆడుతున్నాయి, డీవీడీలు మాత్రం నో డిస్క్ అంటోంది" అనే వింత జబ్బు. చూసేవాళ్ళకి అది దెయ్యం పట్టినట్టుంటుంది గానీ, రెండు లేజర్లలో ఎర్రది నీరసపడిందని దానర్థం.

ఇంకో వింత. కంపెనీ డిస్కు ఆడుతుంది, మనం కంప్యూటర్లో రాసుకున్నది ఆడదు. లేదా సినిమా సగం దాకా బాగా వచ్చి, సరిగ్గా ఇంటర్వెల్ అయ్యాక ఆగిపోతుంది. దీనికీ కారణముంది. ఒక పొర ఉన్న అచ్చు డీవీడీ తన మీద పడ్డ వెలుగులో 45 నుంచి 85 శాతం వెనక్కి తిప్పి పంపాలని ప్రమాణం చెప్తుంది. రెండు పొరల డిస్కుకి అది 18 నుంచి 30 శాతమే. చెరిపి మళ్ళీ రాసుకునే డిస్కులు కూడా ఆ కోవలోవే. అంటే కంపెనీ డీవీడీ పెద్ద గొంతుతో మాట్లాడితే, ఇవి గుసగుసలాడతాయి. కొత్త ప్లేయరుకి రెండూ వినబడతాయి. లేజరు వయసు మీరాక గుసగుసలు ముందు వినబడకుండా పోతాయి. మన తాతగార్లకి చెవుడు వచ్చినట్టే, ఒక్కసారిగా రాదు. రెండు పొరల డిస్కులో సినిమా ఒక పొర నుంచి రెండో పొరకి మారేటప్పుడు పికప్ మళ్ళీ గురి చూసుకోవాలి. మంచి ప్లేయర్లు కూడా అక్కడ ఒక్క క్షణం ఆగుతాయి. నీరసపడ్డ ప్లేయరు ఆ గోడ దూకలేక చతికిలబడుతుంది.

ఇప్పుడు మొదటి ముగ్గురి దగ్గరికి వెళ్దాం. మొదటాయన వారానికో సినిమా చూసేవాడనుకోండి. ఏడాదికి 52 సినిమాలు, సుమారు 130 గంటలు. రెండో ఆయన ఇంట్లో చంటిపిల్ల ఉంది, రైమ్స్ డీవీడీ పెడితే గానీ ముద్ద మింగదు. రోజుకి మూడు గంటలంటే ఏడాదికి 1095 గంటలు. అంటే మొదటాయన ఎనిమిదేళ్ళకి పైగా వాడినంత వాడకం రెండో ఇంట్లో ఒక్క ఏడాదిలో అయిపోయింది. ఒకరు "ఎనిమిదేళ్ళుగా రాయిలా ఉంది" అంటారు, ఇంకొకరు "ఏడాదికే పోయింది" అంటారు. పెట్టె ఒకటే, లేజరు వెలిగిన గంటలూ ఇంచుమించు ఒకటే! కాలాన్ని సంవత్సరాల్లో కొలిచినంతకాలం ఈ ఇద్దరి మధ్య గొడవ తీరదు.

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇదంతా కొత్త కాదు. బగ్ రిపోర్టులో ఏ వెర్షను, ఏ సిస్టం, ఏం చేస్తే వచ్చింది అనేవి లేకపోతే మనమేం చేస్తాం? "మరిన్ని వివరాలు కావాలి" అని రాసి వెనక్కి పంపేస్తాం. "అప్లికేషన్ పని చెయ్యట్లేదు, వెంటనే చూడండి" అని క్లయింటు మెయిల్ పంపితే క్యాంటీన్లో నవ్వుకుంటాం. అదే మనం సాయంత్రం ఇంటికెళ్ళి "చెత్త ప్లేయరు, కొనకండి, ఒక్క స్టారు" అని రాసేస్తాం. ఏ డిస్కు? అచ్చుదా, రాసుకున్నదా? ఎన్ని గంటలు వాడారు? స్టెబిలైజర్ ఉందా? ఒక్కటీ చెప్పం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఐదు స్టార్ల సమీక్షలు ఎప్పుడు రాస్తారో గమనించారా? అట్టపెట్టె విప్పిన వారంలో. అప్పుడు చూసేది పనితనం: బొమ్మ, శబ్దం, రిమోట్ నునుపు. ఒక్క స్టారు సమీక్షలు ఎప్పుడు రాస్తారు? పాడైన రోజు రాత్రి. అప్పుడు మాట్లాడేది మన్నిక గురించి. ఈ రెండింటినీ కలిపి సగటు తీసి "3.4" అని చూపిస్తే అది దేని సగటు? ఇక పదేళ్ళుగా నోరెత్తకుండా పని చేస్తున్న ప్లేయరు గురించి రాసేవాడెవడూ ఉండడు. బాగా పనిచేసే వస్తువుని మనం మర్చిపోతాం. మంచి సర్వర్లు చూసుకునే అడ్మిన్ పేరు ఎవరికీ తెలియనట్టు.

అలాగని వాడినవాళ్ళ మాటలు పనికిరావని నేననట్లేదు. ఎంత చిన్న ఫిర్యాదైనా వివరం ఉంటే బంగారమే. "పద్దెనిమిదో నెలలో, కరెంటు పోయి వచ్చాక, లైటు వెలిగి ఆరిపోతోంది, ఆన్ అవ్వట్లేదు" అని ఒకరు రాశారనుకోండి. అదే మోడల్ గురించి ఇంకో నలుగురు అదే మాట, అదే వయసులో చెప్పారనుకోండి. అది దుత్త మీద కోపం కాదు. కరెంటు సరఫరా భాగంలో కెపాసిటర్లు నాసిరకానివని దాదాపు తేల్చుకోవచ్చు. 2000ల మొదట్లో నాసిరకం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉబ్బి పగిలిపోయి కంప్యూటర్ మదర్‌బోర్డుల్ని ఎంత ఏడిపించాయో మనలో పాతకాపులకి గుర్తుండే ఉంటుంది. ఆ జాతి ముక్కలే ప్లేయర్ల లోపలా ఉంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళు చెప్పుకునే మోటు లెక్క.

మరి మనం వాటిని ఎక్కడ పెట్టాం? అద్దాల షోకేసులో, గాలాడకుండా, కింద కేబుల్ వాళ్ళ సెట్‌టాప్ బాక్సు, పైన అమ్మ అల్లిన క్రోషియా గుడ్డ, దాని మీద తిరుపతి నుంచి తెచ్చిన లడ్డూ కవరు. సినిమా అయిపోయాక రిమోట్‌తో ఆపేసి, గోడ దగ్గర స్విచ్చి అలాగే వదిలేస్తాం. రాత్రంతా ఆ భాగం వెచ్చగా కూర్చునే ఉంటుంది. మేలో మన ఊళ్ళ వేడి, రోజుకి నాలుగుసార్లు పోయి వచ్చే కరెంటు. చలిదేశపు లాబొరేటరీలో పరీక్ష పాసైన పెట్టె మన షోకేసులో ఎన్నాళ్ళుంటుందనేది వేరే పరీక్ష. అందుకే అమెరికాలో రాసిన సమీక్షలు చదివి ఇక్కడ కొంటే సగమే సమాధానం దొరికేది.

అమెరికా అంటే గుర్తొచ్చింది. ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు తెచ్చిన ప్లేయర్ల కథ వేరే చెప్పాలి. అక్కడి చాలా ప్లేయర్లు 120 వోల్టుల కోసం చేసినవి. ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగొచ్చేది. వోల్టేజి గండం గడిస్తే రీజియన్ గండం. అమెరికా రీజియన్ 1, ఇండియా రీజియన్ 5. అక్కడ కొన్న ప్లేయరు ఇక్కడ కొన్న డిస్కుని "ఈ ప్రాంతానికి చెల్లదు" అని ఉమ్మేసేది. అదీ దాటితే పాల్, ఎన్‌టీఎస్‌సీ తగాదా. ఇన్ని గండాలు దాటని ప్లేయరుకి ఇంట్లో పడ్డ పేరు "అమెరికా సరుకు కూడా ఇంతేనా!" అని.

ఈ రీజియన్ గొడవ ఏ ఇంజనీరూ సాంకేతిక అవసరం కోసం పెట్టింది కాదు. సినిమా ఒక దేశంలో డిస్కుగా వచ్చేసరికి ఇంకో దేశంలో హాళ్ళలో కూడా పడి ఉండకపోవచ్చు కాబట్టి స్టూడియోలు తమ వ్యాపారం కోసం పెట్టించిన కంచె. తాళం కోసం 40 బిట్ల సీఎస్ఎస్ అని ఒకటి తగిలించారు. దాన్ని విప్పే డీసీఎస్ఎస్ ప్రోగ్రాం 1999లోనే బయటికొచ్చింది. దాని మీద నార్వే కుర్రాడు యోన్ లెక్ యోహాన్సన్ని కోర్టుకీడ్చారు, 2003లో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. తాళం పగిలిపోయినా కంచె మాత్రం ఉండిపోయింది. దాంతో ఇబ్బంది పడింది దొంగ డిస్కులు చేసేవాళ్ళు కాదు, డబ్బులిచ్చి కొన్నవాళ్ళు.

ఇప్పుడు ఆ మూడో ఆయన సంగతి. పేరులేని చైనా పెట్టె అన్నీ ఎందుకు ఆడింది? పెద్ద కంపెనీకి పేరుంది, లైసెన్సు ఒప్పందాలున్నాయి, పోతాయన్న భయముంది. రీజియన్ని గట్టిగా పాటిస్తుంది, ప్రమాణానికి ఒక్క అడుగు బయట ఉన్న డిస్కుని కూడా పక్కన పెడుతుంది. చిన్న కంపెనీ బజార్లో దొరికే రెడీమేడ్ చిప్పు తెచ్చుకుని, ఫర్మ్‌వేర్‌లో తలుపులన్నీ తెరిచి పెట్టి అమ్మేసింది. వీసీడీ, ఎంపీ3, డివ్‌ఎక్స్, సగం గీతలు పడ్డ డిస్కు, సైకిల్ మీద అమ్మిన పైరసీ డిస్కు, దేన్నీ కాదనేది కాదు.

మన నెట్‌వర్కింగ్ వాళ్ళకి జాన్ పోస్టెల్ పేరు తెలిసే ఉంటుంది. 1980 నాటి టీసీపీ స్పెసిఫికేషన్‌లో ఆయన పెట్టిన సూత్రం: నువ్వు పంపేటప్పుడు పద్ధతిగా పంపు, అవతలివాడు పంపింది తీసుకునేటప్పుడు ఉదారంగా ఉండు. ఇంటర్నెట్ ఇన్నాళ్ళు కలిసి నడవడానికి అది కూడా ఒక కారణం. ఆ సూత్రం వల్ల చెత్త ఇన్‌పుట్ పెరిగిపోతుందని తిట్టేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటలోనూ పస ఉంది. కానీ ఇంట్లో పెట్టుకునే ప్లేయరు విషయంలో నేను పోస్టెల్ పక్షమే. డిస్కులో తప్పుంటే ఇంట్లోవాళ్ళు దిద్దగలరా? తప్పున్నా చదవడానికి ప్రయత్నించడమే ప్లేయరు ధర్మం.

నిజానికి డీవీడీ ప్రమాణంలోనే ఆ ఉదారత ఉంది. 32 కిలోబైట్ల సమాచారాన్ని 192 వరసలు, 172 నిలువుల గడిగా పేర్చి, ప్రతి వరసకీ పది, ప్రతి నిలువుకీ పదహారు అదనపు బైట్లు జోడిస్తారు. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు రాసిన గణితం అది. గీత పడి కొన్ని బైట్లు పోయినా, మిగతావాటిని బట్టి పోయినవాటిని లెక్కగట్టి తెచ్చేస్తుంది. క్రాస్‌వర్డ్‌లో అడ్డం రాకపోతే నిలువు నుంచి అక్షరాలు పట్టుకున్నట్టు. ఆ కాస్త రక్షణ వల్లే పిల్లలు ఫ్రిస్బీలా విసిరిన డిస్కులు కూడా చాలాసార్లు ఆడాయి.

మన్నిక గురించి నేను చెప్పదల్చుకున్న అసలు మాట ఇది. పాడవని వస్తువు లేదు. పాడైనప్పుడు ఏమవుతుందన్నదే మన్నిక. ఆ పేరులేని ప్లేయర్ల పికప్పులు నాలుగైదు రకాలే, కోఠీ గుజరాతీ గల్లీలో దొరికేవి. మెకానిక్కు నాలుగు మరలు విప్పి పాతది తీసి కొత్తది పెట్టి సాయంత్రానికి ఇచ్చేసేవాడు. ట్రే తనంతట తను తెరుచుకుంటోందంటే రబ్బరు బెల్టు సాగిందని చెప్పి కొన్ని రూపాయల్లో మార్చేసేవాడు. అదే పేరున్న కంపెనీదైతే వారంటీ అయిపోయాక సర్వీస్ సెంటర్లో "మొత్తం లోడర్ అసెంబ్లీ మార్చాలి సార్" అని కొత్త ప్లేయరుకి దగ్గర్లో ధర చెప్పేవాళ్ళు. మా ఇంట్లో రెండు రకాలూ ఉండేవి. పేరున్నది బొమ్మ చక్కగా చూపించి మూడేళ్ళకి అటకెక్కింది. పేరులేనిది రెండుసార్లు లెన్సు మార్పించుకుని పదేళ్ళు దాటింది. రెండింట్లో ఏది మన్నినట్టు? సమీక్షల లెక్క ప్రకారం పేరులేనిది రెండుసార్లు పాడైంది, పేరున్నది ఒక్కసారే!

2022లో మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు గురించి కమిటీ వేసి, పోర్టల్ కూడా పెట్టింది. మంచిదే. కానీ ఆ హక్కుని ఏ చట్టమూ లేకుండానే మన వీధి చివరి మెకానిక్కు ఇరవయ్యేళ్ళు నడిపించాడు. విడిభాగం బజార్లో దొరకడం, పెట్టె మామూలు మరలతో విప్పగలగడం, ఈ రెండూ ఉంటే చాలు. ఇవాళ ఫోనయినా, ఇయర్‌ఫోన్లయినా కొనేముందు స్టార్లు లెక్కపెట్టే బదులు ఈ మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలని నా ఉద్దేశం:

1. ఇందులో ముందుగా అరిగిపోయే ముక్క ఏది?
2. ఆ ముక్క విడిగా దొరుకుతుందా, మా ఊళ్ళో మార్చేవాళ్ళున్నారా?
3. ఇది పాడైన రోజు, ఇందులో ఇరుక్కున్న నా వస్తువు బయటికొస్తుందా?

మూడో ప్రశ్న దగ్గరే పెళ్ళి డీవీడీల సంగతి వస్తుంది.

2000ల మధ్య నుంచి ఓ పదేళ్ళపాటు మన ఇళ్ళల్లో జరిగిన పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు ఎక్కువభాగం డీవీడీల మీదే ఉన్నాయి. అవి కంపెనీలో అచ్చయినవి కావు. వీడియోగ్రాఫరు తన కంప్యూటర్లో రాసిచ్చిన డీవీడీ-ఆర్‌లు. వాటిలో సమాచారం ఉండేది సేంద్రియ రంగు పొరలో. ఎండ, వేడి, తేమ మూడూ దానికి శత్రువులే. మన బీరువాల్లో మూడూ పుష్కలం. పైగా వధూవరుల ఫొటోతో ఓ కాయితం లేబులు అంటించి ఇస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వేసిన సీడీ, డీవీడీల సంరక్షణ పుస్తకం చెయ్యొద్దని చెప్పిన పనుల్లో అదొకటి. ఆ కాయితం ఒక పక్క ఉబ్బితే డిస్కు వంగుతుంది, బరువు తేడా వచ్చి తిరిగేటప్పుడు ఊగుతుంది. అలాంటి డిస్కుని వయసు మీరిన ప్లేయర్లో పెట్టి, ఆడలేదని పక్కన పడేస్తే, ఏది చచ్చిందో ఎవరికి తెలుసు?

"ఇప్పుడు అన్నీ ఓటీటీలో ఉన్నాయిగా" అనే మాట సినిమాలకి చెల్లుతుంది. అది కూడా హక్కులు ఉన్నన్నాళ్ళే, నిన్న ఉన్న సినిమా ఇవాళ ఉండదు. 2007లో మోజర్ బేర్ 34 రూపాయలకి డీవీడీ అమ్మినప్పుడు బీరువాలు నింపుకున్నాం. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్ళిపోయింది. ఆ సినిమాలు పోయినా కొంప మునగదు, ఎక్కడో ఓ చోట మళ్ళీ దొరుకుతాయి. కానీ మీ అమ్మమ్మ తలంబ్రాల పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నడిచొచ్చిన పన్నెండు సెకన్లు ఏ ఓటీటీలోనూ లేవు. ప్రపంచం మొత్తానికి దాని కాపీ ఒక్కటే. బ్యాకప్ లేని ప్రొడక్షన్ డేటాబేస్ గురించి ఆఫీసులో ఉపన్యాసాలిచ్చే మనం, ఇంట్లో అంతకన్నా విలువైనదాన్ని కాయితం లేబులు అంటించిన రంగు పొర మీద వదిలేశాం.

చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవు ఇప్పటికీ కొనుక్కోవచ్చు. పెళ్ళి డిస్కుకి తాళాలూ రీజియన్లూ ఉండవు కాబట్టి నేరుగా కాపీ చేసుకోవచ్చు. వీడియో_టీఎస్ అనే ఫోల్డరు మొత్తాన్ని ఉన్నదున్నట్టు తీసుకోండి. చిన్నది చేద్దామని మళ్ళీ కంప్రెస్ చెయ్యొద్దు, ఎంత చేసినా ఒక డిస్కు ఐదు జీబీ లోపే, ఇవాళ్టి లెక్కల్లో అదో లెక్కే కాదు. మధ్యలో ఎర్రర్లొస్తే లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి. చదవగలిగినంత ముందు చదివేసి, రాని సెక్టార్లని గుర్తుపెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఒక డ్రైవు చదవలేని డిస్కుని ఇంకో డ్రైవు చదవడం మామూలే, కాబట్టి ఒక్కదాంతో ఆశ వదులుకోకండి. తుడవాల్సొస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. అంటించిన లేబులు పీకే సాహసం చెయ్యొద్దు. కాపీ అయ్యాక రెండు చోట్ల పెట్టుకోండి, ఒకటి మీ దగ్గర, ఇంకోటి వేరే ఊళ్ళో ఉన్న తోబుట్టువు దగ్గర.

పాత ప్లేయరు అటక మీద ఉంటే దాన్ని కూడా తూకానికి వేసెయ్యకండి. కంప్యూటర్ డ్రైవు మొండికేసిన డిస్కుని ఆ ముసలిది ఒక్కోసారి గుర్తుపడుతుంది. చూడ్డానికైనా పనికొస్తుంది.

ఏ కంపెనీ ప్లేయరు మంచిదన్న వాదన ఇప్పుడు ఎవరు గెలిచినా ఒకటే. ఆ పెట్టెలు తయారుచేసేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు, విప్పి బాగుచేసే మెకానిక్కులు సెల్‌ఫోన్ల వైపు వెళ్ళిపోయారు, రంగు పొరలు మాత్రం బీరువాల్లో నిదానంగా పాడవుతూనే ఉన్నాయి. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు లాప్‌టాప్‌తో పాటు ఓ డీవీడీ డ్రైవు కూడా బ్యాగులో వేసుకోండి. సాయంత్రం సినిమాకి వెళ్ళే బదులు బీరువా పై అర దింపండి. ఒక్కో డిస్కుకి పావుగంట, ఇరవై నిమిషాలు. మీ అమ్మానాన్నలు పక్కన కూర్చుని "అదిగో, మీ పెదనాన్న!" అంటూ చూస్తారు. పని పూర్తవడానికి లెక్కకన్నా ఎక్కువ టైమే పడుతుంది లెండి.